జాడీ అడుగు మీద పదును

మా ఇంట్లో ఆవకాయ జాడీ ఖాళీ అయిందంటే అందరికన్నా ముందు సంతోషించేది మా ఆయన. కొత్త ఆవకాయ వస్తుందని కాదు, జాడీ బోర్లించడానికి వీలవుతుందని. పింగాణీ జాడీకి ఒళ్ళంతా నున్నటి మెరుగు ఉంటుంది గాని, కింద నేలకి ఆనే అంచు మీద మాత్రం ఆ మెరుగు ఉండదు. గోరుతో రాస్తే సన్నటి గరుకు తగులుతుంది. ఆ అంచు మీద నాలుగు నీటి చుక్కలు వేసుకుని, గడ్డం గీసుకునే మడత కత్తిని అటొకసారి ఇటొకసారి లాగుతూ కూర్చునేవారు. ఆ కూర్చోవడం కూడా వంటింటి గుమ్మంలోనే. నేను పోపు దినుసులు అందుకోవాలంటే ఆయన్ని దాటుకుని వెళ్ళాలి. "కాస్త తప్పుకుంటారేటి" అంటే, "ఆగు, ఇప్పుడే పట్టు దొరికింది" అనేవారు. ఆ పట్టు పుణ్యమా అని మా ఇంట్లో పోపు మాడిన రోజులు చాలా ఉన్నాయి.

మాది బరంపురం. గేట్ బజార్లో టోకు కిరాణా కొట్టు, వెనక సందులో ఇల్లు. మామగారి తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వ్యాపారానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. బజార్లో ఒడియా, ఇంట్లో తెలుగు, కోపం వస్తే రెండూ. మామగారు పెళ్ళికి ముందు కొన్నాళ్ళు బర్మా వెళ్ళి రంగం పట్నంలో ఒక కొట్లో గుమస్తాగా పనిచేశారట. అక్కడినుంచి తెచ్చుకున్నవాటిలో చివరికి మిగిలింది ఈ కత్తి ఒక్కటే. నల్లటి కొమ్ము పిడి, అందులోకి మడిచే వెడల్పాటి ఉక్కు రేకు, తోడుగా ఒక నున్నటి సాన రాయి. మామగారి తర్వాత అవి మా ఆయనకి వచ్చాయి. మంగళవారం, శుక్రవారం తప్పించి రోజూ పొద్దున్నే పెరటి వరండాలో అద్దం తగిలించుకుని గీసుకునేవారు. గీసుకున్నాక ఆ చెంపలు చూడాలి. పెళ్ళైన కొత్తలో నాకు ఆయనలో ముందు నచ్చింది ఆ చెంపలే. ఇప్పుడీ వయసులో చెప్పుకోవడానికి సిగ్గేముంది.

అయితే ఆ కత్తిని నేను ముట్టుకోకూడదు. అత్తవారింట్లో అడుగు పెట్టిన కొత్తలోనే నాకు చెప్పిన మాట అది. మా ఆయన చిన్నప్పుడు వాళ్ళింట్లో నాయనమ్మ ఉండేది. చిన్న వయసులోనే భర్త పోతే, ఆ రోజుల ఆచారం ప్రకారం ఆవిడకి తల గొరిగించేవారు. గొరిగే మనిషి పెరట్లోకి వచ్చినప్పుడల్లా ఇంట్లో ముత్తైదువులంతా లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేవారట. కత్తి కంట పడకూడదు. చేత్తో ముట్టుకుంటే అది ఏదో ఒకనాటికి తమ తల దాకా వస్తుందని భయం. ఆవిడ పోయింది, ఆ ఆచారమూ పోయింది, భయం మాత్రం ఇంట్లో అద్దె కట్టకుండా ఉండిపోయింది. నేను రోజంతా కత్తిపీట ముందు కూర్చుని గుమ్మడికాయలు చెక్కలు కొట్టొచ్చు. అది కత్తి కాదు కాబోలు. గడ్డం కత్తి ఉన్న గూడు తుడవాలంటే మాత్రం మా ఆయన్ని పిలిచి తీయించి, గూడు తుడిచి, మళ్ళీ ఆయన చేతే పెట్టించేదాన్ని. కొత్తలో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయింది.

ఆ పెద్ద తుఫాను వచ్చిన ఏడు వరండా రేకు ఎగిరి గూడు మీద పడింది. కత్తి ఆ వేళ ఇంట్లో ఉండబట్టి బతికింది గాని, సాన రాయి ముక్కలైపోయింది. మా అబ్బాయి ఫోన్లో చూసి కొత్త రాయి తెప్పిస్తానన్నాడు.

"నీ ఫోన్లో రాయికి మా నాన్న సెయ్యి తగిల్లేదురా" అన్నారాయన. అక్కడితో ఆ మాట ముగిసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో గరుకుగా ఉన్న ప్రతి వస్తువుకీ దినదిన గండమే.

మొదట దేవుడి గదిలో గంధం సాన మీద కన్ను పడింది. "దేవుడి గంధం తీసే రాయి మీద మీ గెడ్డం కత్తి నూరితే, రేపు దేవుడికి బొట్టు మీ గెడ్డంతో ఎట్టాల" అన్నాను. ఇంకెప్పుడూ అటు చూడలేదు. ఆ తర్వాత అటక మీదున్న మా అబ్బాయి చిన్నప్పటి రాతి పలక దిగింది. అది నిజంగా పనికొచ్చింది. చెక్క చట్రం ఊడదీసి, పలక మీద సబ్బు నీళ్ళు పోసి లాగితే జాడీ మీద నూరినప్పుడు రేకుకి పడిన గీతలు పోయి రేకు అంచు నిగనిగలాడేది. పేపరు సంగతి సరేసరి. చివర్లో పేపరు మడత మీద కత్తి రాస్తే మెరుగొస్తుందట. మా ఇంటికి తెలుగు పేపరూ ఒడియా పేపరూ రెండూ వస్తాయి. ఒడియా పేపరు సిరాకే పదునెక్కువ అని ఆయన తేల్చారు. తెలుగు పేపరేమో చదవడానికట. చదవకముందే ఒడియా పేపరు చీలికలైపోతోందని మా అబ్బాయి గోల.

పొయ్యి బూడిద వంతు వచ్చేసరికి నేను కలగజేసుకోక తప్పలేదు. బజారు చివర ముఢి, అంటే మరమరాలు, వేయించేవాళ్ళు పొయ్యిలో ఊక కాలుస్తారు. ఆ బూడిద తెచ్చి, పాత తోలు బెల్టు మీద ఉన్నపళంగా చల్లేసి కత్తి రాశారు. అంచు రంపంలా అయిపోయింది. దిగాలుగా కూర్చున్న మనిషిని చూస్తే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

"పిండి జల్లించకుండా అట్టు పోస్తారేటండీ ఎవులైనా" అన్నాను. పల్చటి పంచె గుడ్డలో బూడిద జల్లించి గిన్నెడు నీళ్ళలో కలిపాను. మా పుట్టింట్లో దుంపలు నూరి పాలగుండ పిండి తీసేటప్పుడు చేసే పనే అది. "బరువైంది ముందు అడుక్కి దిగిపోద్ది. సన్నంది పైన తిరుగుతాది. ఆ పైనీళ్ళు వేరే గిన్నెలోకి ఒంపి, రేపటి దాకా కదపకండి. అడుగున పేరుకుంటాది సూడండి, అదీ మీకు గావాల్సింది."

మర్నాడు తేట నీళ్ళు వంచేసి, అడుగున మిగిలిన ముద్దని వేళ్ళ మధ్య రాసి చూసుకున్నారు. మొహానికి రాసుకునే పౌడరులా ఉంది. ఆయన నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. నగ చేయించినప్పుడు కూడా నన్నలా చూడలేదు. ఆ రోజు నుంచి ఆ పనిలో మేమిద్దరం భాగస్తులం. పొడి తీయడం నాది, కత్తి నూరడం ఆయనది. పదును తెలుసుకోవడానికి నా దువ్వెనలోంచి ఒక వెంట్రుక తీసి నన్నే పట్టుకోమనేవారు. నేను రెండు వేళ్ళతో వేలాడదీసి పట్టుకుంటే ఆయన కత్తి అంచు దానికి ఆనించేవారు. తెగితే పదునొచ్చినట్టు. తెగకపోతే మళ్ళీ జాడీ దగ్గర్నుంచి మొదలు.

ఒకసారి ఛత్రపురంలో బంధువులింటికి వెళ్ళి, అట్నుంచి ఆర్యపల్లి సముద్రపొడ్డుకి వెళ్ళాం. అక్కడి ఇసకలో నల్లవీ ఎర్రవీ చారలుంటాయి. ఆ ఎర్ర ఇసక గట్టి సరుకని ఎవరో చెప్పారట, ఈయన టిఫిను డబ్బా నిండా ఎత్తుకున్నారు. పనిలో పనిగా ఒడ్డుకి కొట్టుకొచ్చిన సముద్రపు నురుగు ముక్కలు కూడా ఏరుతున్నారు. తెల్లగా, తేలిగ్గా, పెంకులా ఉంటాయవి. చెవి మందుకని ఆయుర్వేదం కొట్లలోనూ అమ్ముతారు. అంతకు ముందు అలా కొన్నదాన్ని దంచి బెల్టు మీద రాస్తే కత్తికి అద్దంలాంటి మెరుపొచ్చింది. నాలుగు నెలలుగా ఆ మెరుపుతోనే గీసుకుంటున్నారు. పక్కనే చేపలు ఎండబెడుతున్న ఒక ముసలావిడ అంతా చూసి, "ఏటి బాబూ, పిట్టలకేటన్నా ఎడతారా దాన్ని" అంది.

"కాదమ్మా. ఇది సముద్రం నురుగు గట్టిపడింది కదా, కత్తికి మంచిది."

"నురుగేటి బాబూ. కాళ్ళుండే సేప ఒకటుంటాది, దాని ఈపెముక అది."

మేం గుడ్డు కూడా ముట్టని ఇంటివాళ్ళం. ఆయన మొహంలో రంగు పోవడం చూసి నేను సముద్రం వైపు తిరిగి నవ్వాపుకున్నాను. సంగతి వాళ్ళక్కగారికి, అంటే మా వదినగారికి, తెలిసింది. ఆవిడ మా పక్కింట్లోనే ఉంటుంది. మడీ ఆచారం విషయంలో ఆవిడ మాటకి తిరుగులేదు. పసుపు నీళ్ళతో తలంటు పోయించి, బెల్టు కాలవలో పారేయించింది. ఎర్ర ఇసక కూడా అచ్చిరాలేదు. ఎంత తేర్చినా ఒక పలుకు మిగిలిపోయి కత్తి అంచుకి నొక్కు పెట్టింది. కొండని తవ్వి ఎలుకని పట్టినట్టు, చివరికి మా జాడీ, మా పలక, మా బూడిదే నిలిచాయి.

ఇదంతా నవ్వుకోవడానికి బాగుంటుంది. నవ్వు అక్కడితో ఆగిపోతే బాగుండేది.

వణుకు ముందు కుడి చేతికి వచ్చింది. టీ సాసర్లోకి ఒలికేది. తర్వాత ఎడమ చేతికీ పాకింది. డాక్టరు మాత్రలిచ్చి, తగ్గదు గాని అదుపులో ఉంటుందన్నాడు. కత్తి నూరుతుంటే మాత్రం ఆయన చెయ్యి నిలిచేది. జాడీ ఆసరా ఉంటుంది కాబట్టి. చెంప దగ్గరికి తెచ్చేసరికి ఆసరా ఏముంటుంది? ఒకరోజు దవడ కింద తెగి బనీను తడిసింది. ఆయన అద్దం తీసి గోడకి తిప్పి పెట్టేశారు.

మా వీధి సెలూను అతన్ని ఇంటికి పిలిపించాం. ఒడియా అతను, మంచివాడు. సగం బ్లేడు పెట్టే కత్తితో గీశాడు. ఆయన మెడ చర్మం అప్పటికే పల్చబడింది, ఎర్రగా దద్దుర్లు లేచి రెండ్రోజులు మంట. మా అబ్బాయి తన రేజరుతో ప్రయత్నించాడు. వాడిది కొట్టు చూసుకునే చెయ్యి, పని తొందరగా అయిపోవాలి. గాటు పడింది. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఇంక సాల్లే" అన్నారు.

అప్పుడు నేనన్నాను, "నేను గీస్తాను."

"నీ సేతిలో ఆ కత్తి సూళ్ళేను."

"సూడకండి. కళ్ళు మూసుకోండి."

నవ్వారు గాని ఒప్పుకోలేదు. నా చెయ్యి ఎప్పుడూ నిలకడే. ముగ్గు వేస్తే గీత వంకర పోదు. ఆ మాట ఆయనకీ తెలుసు. సరే, నమ్మకం కుదరాలేమో అనుకుని నేను సాధన మొదలుపెట్టాను. లేత ఆనపకాయ మీద సన్నటి నూగు ఉంటుంది కదా. దానికి సబ్బు నురగ పట్టించి, కూరలు తరిగే చిన్న చాకుని బాగా నూరి, తోలుకి గీత పడకుండా నూగంతా తీయడం నేర్చుకున్నాను. మొదట్లో చాలా కాయలు పాడయ్యాయి. ఆ నెలంతా మా ఇంట్లో రోజూ ఆనపకాయ పులుసే. చేయి కుదిరాక ఒక కాయ తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టాను.

"తడిమి సూడండి. ఒక్క గీత పడిందేటి?"

వణికే వేళ్ళతో కాయంతా తడిమి చూశారు. "బాగా గీసావు" అన్నారు. "పులుసెట్టు."

నాకు ఒళ్ళు మండింది. "మీకు పిచ్చి కుదిరింది, రోకలి తలకి సుట్టండన్నాట్ట ఎనకటికొకడు" అని లేచిపోయాను. కాసేపటికి ఆయనే పిలిచారు. పక్కన కూర్చోమన్నారు. అప్పుడు చెప్పిన మాటలు నేను మరిచిపోలేదు.

"సావంటే నాకు భయం అనుకుంటన్నావేటి. నీకన్నా పెద్దోణ్ణి, జబ్బోణ్ణి, నేను ముందెల్లడం నాయం. రేపు అదయ్యాక, నువ్వా కత్తి పట్టుకోబట్టే అయ్యిందని ఎవులో ఒకలు అంటారు. అక్క అంటాది. ఆవిడ అనకపోయినా నువ్వే అనుకుంటావు. రేత్రి పడుకుని నువ్వే అనుకుంటావు. అది నాకొద్దు."

నా మంచి కోరి చెప్పిన మాట అది. భయంతో చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని. ప్రేమతో చెప్పేసరికి నోరు కట్టేసినట్టయింది.

గడ్డం పెరిగింది. మా వీధుల్లో షావుకారు గడ్డం పెంచాడంటే మూడే కారణాలు. దీక్ష పట్టి ఉండాలి, ఇంట్లో కోడలో భార్యో కడుపుతో ఉండాలి, లేదంటే ఎవరో పోయి ఉండాలి. కొట్లోకి వచ్చిన ప్రతివాడూ "ఏటి సావుకారూ, దీచ్చా?" అని అడిగేవాడు. రోజంతా అదే ప్రశ్న. మూడు పూటలా చెంపలు నిగనిగలాడుతుంటే గద్దె మీద కూర్చుని బేరాలు చేసిన మనిషికి, ఆ ప్రశ్నకి జవాబుగా చేతి వణుకు చూపించాల్సి రావడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మొదట సాయంత్రాలు వెళ్ళడం మానేశారు. తర్వాత పూర్తిగా మానేశారు. కొట్టు మా ఇంటి నుంచి నాలుగడుగులు. ఆ నాలుగడుగులే ఆయనకి ఊరు, స్నేహితులు, పేపరు కబుర్లు, అన్నీ. అవి పోయాక మనిషి ఇంట్లోనే కుంచించుకుపోయారు. అన్నం తగ్గింది, మాట తగ్గింది. జబ్బు కన్నా ఆ గడ్డమే ఆయన్ని ఎక్కువ తినేసిందని నేననుకుంటాను. డాక్టరు ఒప్పుకోకపోవచ్చు.

ఒక్క పని మాత్రం మానలేదు. వాడని ఆ కత్తిని నూరడం. గుమ్మంలో జాడీ బోర్లించుకుని, ముందులాగే అంచు మీద లాగేవారు. నేను ముందులాగే ఆయన్ని దాటుకుని వెళ్ళేదాన్ని. మా అబ్బాయి ఒకసారి నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, నువ్వు గీసెయ్. నాన్న వద్దంటానే ఉంటారు, నువ్వు గీసెయ్, అంతే" అన్నాడు. "మీ అత్తయ్య?" అన్నాను. "కందకి లేని దురద కత్తిపీటకేటి" అన్నాడు వాడు. నేను నవ్వి ఊరుకున్నాను. నవ్వి ఊరుకోవడం నాకు బాగా వచ్చు.

నురగ పట్టించడానికి మాత్రం అడ్డేమీ లేదు. బ్రష్షు కత్తి కాదు కదా. ఒకరోజు వేడి నీళ్ళలో సబ్బు గిలక్కొట్టి, ఊరికే, ఆయన చెంపలకి పట్టించాను. కళ్ళు మూసుకున్నారు. వెచ్చటి నురగ గడ్డంలోకి దిగుతుంటే మొహంలో ఏదో పాత కళ వచ్చింది. ఎన్నాళ్ళకో ఆ మొహం ఎత్తి నా వైపు పెట్టారు. "బాగుంది" అన్నారు. అప్పట్నుంచి వారానికి రెండు మూడుసార్లు అదే పని. నురగ పట్టించడం, అది ఆరిపోయేదాకా కూర్చోవడం, తర్వాత తడి తువ్వాలుతో తుడిచేయడం. చూసినవాళ్ళెవరైనా ఉంటే మాకిద్దరికీ మతి పోయిందనుకునేవారు. నెమలీక పుల్లలా బిగుసుకున్న వెంట్రుకలు నురగలో మెత్తబడి, గీస్తే చాలు అన్నట్టు ఉండేవి. కత్తి పక్క స్టూలు మీద విప్పి ఉండేది. ఆయనే పొద్దున నూరి పెట్టింది. చెయ్యి చాపితే అందేది. నేను తువ్వాలు అందుకునేదాన్ని.

ఎన్నిసార్లు అలా తుడిచానో. ప్రతిసారీ ఆయన కళ్ళు మూసుకునే ఉండేవారు. నేను కత్తి అందుకున్నా కళ్ళు తెరిచేవారు కాదేమో. లేక తెరిచి, కోప్పడి, సగం గీసిన చెంపతో ఏం చేయలేక రెండో చెంప కూడా ఇచ్చేవారేమో. తెలీదు. నా చేతి నిలకడ నాకు తెలుసు, ఆయన ఆరాటం నాకు తెలుసు, రెండూ కలిపే ధైర్యం మాత్రం నాకు రాలేదు. ఆయన మాట కాదనకూడదు అనుకున్నాను. కాదనాల్సిన మాటలు కూడా కొన్ని ఉంటాయని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదేమో.

ఆయన పొద్దుటి పూట పోయారు. టీ తాగి, ఒత్తిగిలి పడుకున్నారు, మళ్ళీ లేవలేదు. స్నానం చేయించే ముందు గడ్డం తీయాలన్నారు పెద్దలు. సెలూను అతన్ని పిలిచారు. అప్పుడు నాకు ఏడుపు ఆగింది. లేచి గూటి దగ్గరికి వెళ్ళాను.

"నేను గీస్తాను" అన్నాను. "ఆయన కత్తితో."

మా వదినగారు నా చెయ్యి పట్టుకుంది. ఆవిడా ఏడుస్తోంది. తమ్ముడు పోయిన మనిషి. "వొద్దమ్మీ" అంది. "పదోరోజు దాకా నువ్వు ముత్తైదువే. బొట్టుండగా కత్తి ముట్టుకోకు. ఆడి మాటే అది, నువ్వు కాదనకు."

ఆయన మాట అనేసరికి నా కాళ్ళు మళ్ళీ ఆగిపోయాయి. ఆ మాట ఇంక దేన్ని కాపాడాలి? ఏ కీడు రాకుండా ఆపాలి? నేను అడగలేదు. ఇంట్లో ఆడవాళ్ళంతా లోపలికి వచ్చారు, నేనూ వచ్చాను. ఎవరో తలుపు దగ్గరగా వేశారు. తలుపు అవతల సగం బ్లేడు ఆయన చెంప మీద గరగరలాడడం వినబడింది. పదును చాలని చప్పుడు అది. ఎన్నో ఏళ్ళు పదునైన కత్తి చప్పుడు విన్నదాన్ని, నాకు తేడా తెలుసు.

పదోరోజు అయింది. చేయాల్సినవన్నీ చేశారు. మర్నాడు ఇల్లు సర్దుతూ మా వదినగారే అంది, మామూలుగా, చెంబో గరిటో అడిగినట్టు: "ఇంక నీకు పట్టింపు లేదులే అమ్మీ. గూట్లో ఆ కత్తి తియ్యి, సెలూనోడికి ఇచ్చేద్దుం."

తీశాను. పెళ్ళై ఆ ఇంటికి వచ్చాక అదే మొదటిసారి. నేననుకున్నంత బరువు లేదు. సెలూను అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మావుసీ, ఈ ఖుర ఇప్పుడెవరు వాడతారు? కస్టమరుకి కొత్త బ్లేడు విప్పి చూపించాల" అని, రెండు చేతులతో మళ్ళీ నాకే ఇచ్చేశాడు. నేను బీరువాలో చీరల కింద పెట్టుకున్నాను.

వానాకాలం కదా, కొన్నాళ్ళకి తీసి చూస్తే అంచు మీద తుప్పు చుక్కలు. మనసొప్పలేదు. జాడీ కడిగి బోర్లించాను, పలక తీశాను. వాటి మీద చెయ్యి ఎలా పడాలో నాకెవరూ చెప్పక్కర్లేదు. రేకు పడుకోబెట్టి, అదమకుండా, దాని బరువుతో దాన్నే పోనివ్వడం. చివర్లో మిగిలిన బూడిద పొడి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే అనుకుంటూనే నూరాను.

మా అబ్బాయికి పదోరోజు గుండు చేయించి మీసం తీశారు. తండ్రి ఉండగా వాడెప్పుడూ మీసం తీయలేదు. మళ్ళీ జుట్టు, గడ్డం మొలిచి మొహమంతా గరుకుగా తిరుగుతున్నాడు. ఒక ఆదివారం వరండాలో కుర్చీ వేసుకుని, మెడ చుట్టూ తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు.

"గియ్యి అమ్మా" అన్నాడు. "నాన్న కత్తితోనే."

పాలు సన్నటి సెగ మీద పెట్టి వచ్చాను. నురగ పట్టించాను. వాడివీ తండ్రి చెంపలే. ఎడమచేత్తో చర్మం కాస్త లాగి పట్టుకుని, కత్తి ఆనించాను. నాకు భయం వేయలేదు. చప్పుడు కూడా సరిగ్గా వచ్చింది, పొడి ఆకు మీద గాలి పోయినట్టు. ఆ చెంప, ఈ చెంప, దవడ కింద, మెడ మీద. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తెగలేదు. తడి తువ్వాలుతో తుడిచాను. వాడు చేత్తో చెంప తడుముకుని, "అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది" అన్నాను.

వాడు తువ్వాలు విప్పుకుని లేచాడు. నేను కత్తి మడిచి పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఇంత సేపటి పని. దీనికోసం ఆయన కొట్టు మానేశారు, అద్దం గోడకి తిప్పేశారు. వంటింట్లోకి వెళ్ళి చూస్తే, పొయ్యి మీద పెట్టి వచ్చిన పాలు ఇంకా పొంగు రాలేదు.